మందులు వాడని తేనెటీగల రైతులు ఒకరోజు కలవాలంటే ఏర్పాట్లు ఎలా చేయాలి

నల్లికి మందు వాడే రైతు తన తేనెటీగల బాక్సులో నల్లులు (ఈగల్ని, వాటి పిల్లను పట్టి తినే వరోవా లాంటి చిన్న జీవులు) ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకపోయినా కొంతకాలం నెట్టుకొస్తాడు. మందు మానేసిన రైతుకు ఆ లెక్కే ఆధారం. అందుకే మందులు వాడనివాళ్లు కలిసే రోజున ఉపన్యాసాలు తగ్గించి, తెరిచిన బాక్సు చుట్టూ ఎక్కువ సేపు గడిపేలా చూసుకోండి. వచ్చిన ప్రతి ఒక్కరూ తన చేత్తో ఒక్కసారైనా నల్లుల లెక్క తీసి వెళ్లాలి. మిగతా ఏర్పాట్లన్నీ దీని కోసమే.

ముందే తేల్చుకోవలసిన సంగతి

‘మందు లేకుండా’ అనే మాటకు మనవాళ్లలోనే మూడు అర్థాలున్నాయి. కొందరు బాక్సులో వేలు పెట్టరు, బతికే కాలనీలే బతుకుతాయంటారు. కొందరు పోతుటీగల (మగ ఈగల) పిల్లను, అంటే గదుల్లో ఇంకా పెరుగుతున్న వాటిని, కోసేయడం, రాణిని కొన్నాళ్లు పంజరంలో ఉంచడం లాంటి చేతిపనులతోనే నల్లిని అదుపులో పెడతారు. ఇంకొందరు ఫార్మిక్ యాసిడ్, ఆక్సాలిక్ యాసిడ్, థైమాల్ వాడతారు. యూరప్ సేంద్రియ నిబంధనలు వీటిని అనుమతిస్తాయి కాబట్టి తమదీ సేంద్రియమేనంటారు. మన దగ్గర ఫ్రేముల మీద గంధకం పొడి చల్లే అలవాటు ఒకటుంది. ఎంత పాత అలవాటైనా అదీ మందే.

ఈ కలయిక ఎవరి కోసమో ఆహ్వానంలోనే రాసేయండి. లేకపోతే ఉదయమంతా ఏది మందు, ఏది కాదు అన్న వాదనతోనే గడిచిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రెండో దారే మేలు. ఇటాలియన్ ఈగల్ని (బయటి దేశం నుంచి తెచ్చి బాక్సుల్లో పెంచే రకం) ఏమీ చేయకుండా వదిలేస్తే రెండేళ్లలోపే చాలా బాక్సులు ఖాళీ అవుతాయి. పోయేటప్పుడు అవి పక్కవాళ్ల బాక్సులకు కూడా నల్లిని అంటిస్తాయి. నీరసించిన కాలనీలో తేనె దోచుకోవడానికి వెళ్లిన ఈగలే నల్లుల్ని మోసుకొస్తాయి. మూడో దారిలో ఉన్నవాళ్లను రావద్దనక్కర్లేదు, వాళ్ల లెక్కలు కూడా పనికొస్తాయి. బాక్సుల దగ్గర మాత్రం ఆ రోజు ఎలాంటి ద్రావణం తీయకూడదని చెప్పండి.

ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది

మైదాన ప్రాంతాల్లో సంక్రాంతి దాటాక, జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు మంచి సమయం. పూత ఉంటుంది, కాలనీలో అన్ని వయసుల పిల్ల ఉంటుంది, పోతుటీగలు కూడా కనిపిస్తాయి. అరకు వైపు వలిసెల పూత నవంబరులో ఉంటుంది కాబట్టి అక్కడ ఆ నెలలోనే పెట్టుకోవాలి. వానాకాలం, పూత లేని రోజులు అసలు వద్దు. పూత కరువులో బాక్సు తెరిస్తే పది నిమిషాల్లో దోపిడీ మొదలవుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు చుట్టుపక్కల రైతుల్ని ఒక్క ప్రశ్న అడగండి: ఆ వారంలో పిచికారీ ఉందా? జనవరిలో మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతారు. పిచికారీ చేసిన రెండు మూడు రోజుల్లో బాక్సులు తెరిస్తే కనిపించే చావులు దేనివల్లో ఎవరూ చెప్పలేరు. వీలైతే ఆ రైతుల్ని కూడా పిలవండి. పూత మీద కొట్టక తప్పకపోతే ఈగలు ఇళ్లకు చేరాక, సాయంత్రం పూట కొట్టమని అడగడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

పాతికమందికి మించనివ్వకండి. ఆరేడుగురికి ఒక బాక్సు చొప్పున నాలుగు జట్లు, ఒక్కో జట్టుకు అనుభవమున్న మనిషి ఒకరు. తోటలో కనీసం పది ఇటాలియన్ బాక్సులుంటే నాలుగు లెక్కకు, ఒకటి పోతుటీగల పిల్ల చూపించడానికి వాడుకుని, మిగిలినవాటి జోలికి వెళ్లకుండా ఉండొచ్చు. మన నాటు రకమైన పుట్టతేనెటీగల బాక్సు ఒకటుంటే ఇంకా మంచిది.

ఎవరూ ఏమీ తేవద్దు

ఆహ్వానంలో పెద్ద అక్షరాలతో రాయాల్సింది ఇదే: ఈగలు, పట్టు ముక్కలు, పాత ఫ్రేములు, సొంత హైవ్ టూల్ (ఫ్రేములు లేపే ఇనుప పనిముట్టు), తోలు చేతి తొడుగులు తేవద్దు. ‘మా బాక్సులో ఇదేదో జబ్బు, ఒకసారి చూడండి’ అంటూ పిల్ల ఫ్రేము గుడ్డలో చుట్టి తెచ్చే మనిషి ప్రతి కలయికలోనూ ఉంటారు. 1990ల మొదట్లో దక్షిణాదిలో పిల్లను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ పుట్టతేనెటీగల కాలనీల్ని ఊడ్చిపెట్టేసింది. ఆ వైరస్‌కు మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. జబ్బు పట్టును ఫోటో తీసి తెస్తే చాలు.

పనిముట్లన్నీ తోట యజమానివే వాడాలి. రెండు లీటర్ల నీళ్లలో 400 గ్రాముల బట్టల సోడా కరిగించి, ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకు వెళ్లే ముందు హైవ్ టూల్‌ను అందులో రుద్ది కడగండి. ఆ నీళ్లు చర్మాన్ని తింటాయి, అందుకే రబ్బరు చేతి తొడుగులు కావాలి. తోలువి కడగడానికి కుదరదు, వద్దనడానికి కారణం అదే.

ముందురోజు సిద్ధం చేసుకోవలసినవి

నాలుగు జట్లకు సరిపడా:

- అర లీటరు వెడల్పు మూతి సీసాలు 4. మూత మధ్యలో కోసి, 3 మిల్లీమీటర్ల కన్నాలున్న ఇనుప జాలి బిగించాలి. దోమతెర పనికిరాదు, వరోవా నల్లి వెడల్పు సుమారు 1.6 మిల్లీమీటర్లు, అందులోంచి సరిగా రాలదు.
- 120 మిల్లీలీటర్లు పట్టే కప్పులు 4. నిండుగా ముంచితే అందులో దాదాపు 300 ఇటాలియన్ ఈగలు పడతాయి.
- తెల్లటి ప్లాస్టిక్ ట్రేలు 8, అంచు నున్నగా ఉన్న టబ్బులు 4.
- పంచదార పొడి అర కిలో.
- ఖాళీ బాక్సులు 4, రాణి ఉన్న ఫ్రేమును పక్కన పెట్టడానికి.
- పొగ డబ్బాలు 4, ఎండు పిడకలు, కొబ్బరి పీచు. ఎరువుల సంచులు, పురుగుమందు పెట్టిన గోనెలు పొగకు వాడకూడదు.
- వల టోపీలు మనిషికొకటి.

పంచదారను ముందురోజు రాత్రి మిక్సీలో మెత్తగా పట్టి, జల్లించి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. బేకరీల్లో దొరికే ఐసింగ్ షుగర్‌లో మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది, ఇంట్లో పట్టిందే మేలు. కోస్తాలో తేమకు పొడి గడ్డకడుతుంది. చిన్న గుడ్డ మూటలో బియ్యం కట్టి డబ్బాలో వేస్తే కొంత ఆగుతుంది. వేళ్ల మధ్య రాస్తే మైదాలా జారాలి, అంటుకుంటే ఆ పొడి వాడొద్దు.

బాక్సుల దగ్గర క్రమశిక్షణ

పని ఉదయం ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పదకొండులోపు ముగించండి. లేత రంగు బట్టలు వేసుకోమనండి. సెంటు, పూలు, ఘాటైన తలనూనె వద్దు. అరటిపండు తిని కూడా రాకూడదు. ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలవడానికి వదిలే వాసనలో ముఖ్యమైనది ఐసోఅమైల్ ఎసిటేట్, మాగిన అరటిపండు వాసన కూడా దానిదే. భోజనంలో అరటిపండు వడ్డించాలనుకుంటే బాక్సుల పని పూర్తయ్యాకే.

బాక్సుకు వెనక వైపు పది అడుగుల దూరంలో అర్ధచంద్రాకారంగా తాడు కట్టండి. తాడు లోపలికి ఒకేసారి ముగ్గురే వెళ్లాలి: ఫ్రేము తీసేవారు, పొగ పట్టేవారు, రాసుకునేవారు. ద్వారం ముందు ఎవరూ నిలబడకూడదు. వీడియో తీసేవాళ్లే తెలియకుండా ఈగల దారికి అడ్డం వస్తారు, ఫోను ఎవరో ఒక్కరికే అప్పగించండి.

తేనెటీగ కుడితే పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముందే అడిగి రాసుకోండి. కుట్టినప్పుడు ముల్లును క్షణాల్లో గోరుతో గీకేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ విషం ఎక్కుతూనే ఉంటుంది. కుట్టిన చోట వాపు మామూలే. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు నాలుక వాయడం, ఆయాసం, కళ్లు తిరగడం వస్తే మాత్రం చిట్కాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోను చేయండి. బండి ఒకటి దారికి అడ్డం లేకుండా, తాళంచెవి అందుబాటులో పెట్టుకుని సిద్ధంగా ఉంచండి.

పంచదార పొడితో నల్లుల లెక్క

పొగ రెండు మూడు గుప్పులు చాలు. ముందు రాణిని వెతకండి. రాణి ఉన్న ఫ్రేమును ఈగలతో సహా ఖాళీ బాక్సులో పెట్టి మూత వేయండి. రాణి కనిపించకపోతే ఆ బాక్సు లెక్క మానేయండి, పాతికమంది చూస్తున్నారన్న మొహమాటంతో కొనసాగించవద్దు.

తెరిచి ఉన్న పిల్ల, అంటే మూతలు పడని పురుగులు, ఎక్కువగా ఉన్న ఫ్రేము తీసి టబ్బులోకి గట్టిగా ఒక్క విదిలింపు ఇవ్వండి. కొత్త మకరందం కారుతున్న ఫ్రేమైతే వద్దు, ఈగలు తడిసి పొడి ముద్దగా మారుతుంది. టబ్బును ఒక మూలకు వంచితే లేత ఈగలు జారి కుప్పగా చేరతాయి. కప్పుతో ముంచి, అంచు దాకా నిండాక సీసాలో పోసి జాలి మూత బిగించండి. జాలి మీద రెండు టేబుల్ స్పూన్ల పొడి వేసి వేలితో లోపలికి తోయండి.

సీసాను అడ్డంగా పట్టుకుని ఒక నిమిషం మెల్లగా దొర్లించండి. ఈగలన్నీ తెల్లగా అయిపోతాయి. నీడలో మూడు నిమిషాలు ఉంచండి. ఈ మూడు నిమిషాలూ ఎవరికీ ఓపిక ఉండదు, కానీ పొడికి నల్లి పట్టు వదిలేది అప్పుడే. తర్వాత తెల్ల ట్రేలో వేలు లోతు నీళ్లు పోసి, సీసాను తలకిందులుగా పట్టుకుని ఒక నిమిషం గట్టిగా ఆడించండి. పంచదార కరిగిపోతుంది. నీటి మీద ఎర్రటి గోధుమరంగులో, పీత డిప్పలా అడ్డంగా వెడల్పుగా తేలేవే వరోవా నల్లులు. కాళ్లు కదులుతూ కనిపిస్తాయి, భూతద్దం అక్కర్లేదు.

వచ్చిన సంఖ్యను మూడుతో భాగిస్తే వంద ఈగలకు ఎన్నో తెలుస్తుంది. ఈగల్ని వాటి బాక్సు పైన పోసేయండి, మిగతావి వాటిని నాకి శుభ్రం చేసుకుంటాయి.

లెక్క తప్పు వచ్చేది ఎక్కువగా తక్కువ వైపే. కప్పు వెలితిగా ఉండటం, పొడి తేమగా ఉండటం, ఆడించడం అర నిమిషానికే ఆపేయడం, ఈ మూడే కారణాలు. ప్రతి జట్టూ అవే ఈగలకు రెండోసారి పొడి వేసి మళ్లీ ఆడించాలి. రెండోసారి కూడా మూడు నాలుగు నల్లులు రాలితే మొదటి లెక్క సరిగ్గా తీయలేదని అర్థం. రెండూ కలిపి రాసుకోండి.

300 ఈగలకు మూడులోపు వస్తే ఆ బాక్సును దాని మానాన వదిలేయొచ్చు. మూడు నుంచి తొమ్మిది మధ్య ఉంటే పోతుటీగల ఫ్రేము పెట్టాలి. తొమ్మిది దాటితే ఆ వారమే పిల్లకు విరామం ఇవ్వాలి, అంటే కాలనీలో కొన్నాళ్లు కొత్త పిల్ల లేకుండా చూడాలి. ఈ రెండూ ఎలాగో కింద ఉంది. కాలనీలో పిల్ల బాగా ఉన్నప్పుడు ఎక్కువ నల్లులు మూతల కిందే దాగి ఉంటాయి, మీకు ట్రేలో కనిపించింది చిన్న భాగమేనని గుర్తుంచుకోండి.

మూతల కింద చూడకుండా సరిపెట్టుకోవద్దు

విదేశీ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు మన దేశంలో పొరపాటు పడేది ఇక్కడే. మన దగ్గర ట్రోపిలేలాప్స్ అనే ఇంకో నల్లి ఉంది. దీని అసలు ఇల్లు కొండ తేనెటీగ పట్టు. ఇది ఎదిగిన ఈగను కొరికి తినలేదు, పిల్ల మీదే బతుకుతుంది. అందుకని పంచదార పరీక్షలో దాదాపు దొరకదు. ట్రేలో సున్నా వచ్చిందని సంబరపడి వెళ్లిన రైతు బాక్సులో రెండు నెలలకు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు ద్వారం ముందు పాకుతుంటాయి.

దీనికి పరీక్ష వేరు. మూతపడిన పిల్ల ఉన్న ఫ్రేము మీది ఈగల్ని దులిపేసి, ఫ్రేమును తెల్ల ట్రే అంచుకు బలంగా తట్టండి. ఒక మిల్లీమీటరు కూడా లేని, సన్నగా పొడవాటి గోధుమరంగు నల్లులు ట్రేలో చురుగ్గా పరుగెడతాయి. వరోవా మందకొడిగా పాకుతుంది, ఇది పరుగెడుతుంది. ఆ తేడా ఒక్కసారి కళ్లతో చూస్తే మరిచిపోరు. తర్వాత చిన్న ఫోర్కుతో వంద గదుల మూతలు తీసి, ఎన్నిటిలో నల్లి ఉందో లెక్కపెట్టండి. ఒక జట్టుకు ఇది అరగంట పని, మొత్తం రోజులో ఎక్కువ విలువైన అరగంట.

పోతుటీగల ఫ్రేము ఇదే సమయంలో చూపించండి. వరోవాకు పోతుటీగల గదులంటే మక్కువ, అవి ఎక్కువ రోజులు మూతపడి ఉంటాయి కాబట్టి. పిల్ల గది అంచున మైనపు షీటు లేని ఫ్రేము పెడితే ఈగలు అందులో పెద్ద గదులు కడతాయి. పెట్టిన 18–20 రోజులకు తీసి, మూతపడిన పిల్లను కోసేయాలి. గుడ్డు నుంచి పోతుటీగ బయటికి రావడానికి 24 రోజులు. ఆ గడువు మరిచిపోతే మీరు నల్లిని పట్టడానికి పెట్టిన ఫ్రేమే నల్లుల్ని పుట్టించే ఫ్రేము అవుతుంది. తేదీని ఫ్రేము కర్ర మీదే మార్కరుతో రాయించండి.

పిల్లకు విరామం ఎలా ఇవ్వాలో బాక్సు దగ్గరే లెక్క కట్టి చెప్పండి. రాణిని పంజరంలో 21 రోజులు ఉంచితే కూలి ఈగల పిల్ల అంతా బయటికి వచ్చేస్తుంది, పోతుటీగల పిల్ల కూడా ఉంటే 24. పిల్ల లేని కాలనీలో ట్రోపిలేలాప్స్ కొద్ది రోజులకు మించి బతకదు. వరోవా చావదు కానీ, అంతా ఈగల మీదికి వస్తుంది. రాణిని వదిలాక మొదట మూతపడిన ఒక్క పిల్ల ఫ్రేమును తీసేస్తే చాలావరకు దానితోనే పోతుంది. పంజరం వద్దనుకుంటే కాలనీని విడదీయండి. పాత రాణిని రెండు ఫ్రేములతో వేరే బాక్సుకు మార్చితే, మిగిలిన ఈగలు కొత్త రాణిని తయారు చేసుకుని అది గుడ్లు పెట్టేసరికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఈ విరామం పైసా ఖర్చు లేనిది. పూత ముందున్నప్పుడే చేయాలి, పూత అయిపోయాక చేస్తే తిరిగి కోలుకోవడానికి కాలనీలో ఈగలుండవు.

పుట్టతేనెటీగల బాక్సు

దీన్ని చివర్లో ఒక్కసారే, నాలుగు నిమిషాలకు మించకుండా తెరవండి. పదేపదే కదిపితే ఇవి బాక్సు వదిలి లేచిపోతాయి. వరోవా వీటి పాత చుట్టం. కూలి ఈగల గదుల్లో అది పిల్లలు పెట్టలేదు, పోతుటీగల గదుల్లోనే పెరుగుతుంది. ఒంటి మీది నల్లుల్ని ఈగలే దులిపేస్తాయి కూడా. అందుకే ఇక్కడ పంచదార లెక్క కన్నా పిల్ల రంగు ముఖ్యం. మూత చిరిగిన గదిలో పురుగు తల పైకెత్తి పడవ ముక్కులా కనిపిస్తే, పటకారుతో తీసినప్పుడు నీళ్ల సంచిలా వేలాడితే అది శాక్‌బ్రూడ్. వెంటనే మూసేసి ఆ పనిముట్లతో ఇంకో బాక్సు ముట్టుకోవద్దు.

మధ్యాహ్నం

భోజనాలు బాక్సులకు కనీసం వంద మీటర్ల దూరంలో పెట్టండి. తర్వాత రెండు గంటలు కూర్చుంటే చాలు. ముందు ప్రతి ఒక్కరూ పోయిన ఏడాది ఎన్ని బాక్సులతో మొదలుపెట్టి ఎన్ని పోగొట్టుకున్నారో చెప్పాలి, ఆ తర్వాతే ఎంత తేనె తీశారో. పోగొట్టుకున్న లెక్క ముందు వస్తే మిగతా మాటలు నిజాయితీగా సాగుతాయి.

మైనం గురించి తప్పక మాట్లాడండి. బజారులో కొన్న మైనపు షీట్లలో పాత మందుల అవశేషాలుండొచ్చు, పారఫిన్ కల్తీ కూడా. షీటు బదులు పై కర్రకు రెండు సెంటీమీటర్ల మైనపు పట్టీ అంటిస్తే ఈగలే పట్టు కడతాయి. బాక్సు నీటిమట్టంతో సమంగా ఉండాలి, లేకపోతే పట్టు పక్క ఫ్రేముకు అతుక్కుంటుంది. ఇలా కట్టిన లేత పట్టును ఎండవేళ పక్కకు పడుకోబెట్టి చూస్తే ఊడి కింద పడుతుంది. ఫ్రేమును ఎప్పుడూ నిలువుగానే తిప్పాలి, దీన్ని ఖాళీ ఫ్రేముతో ఒక్కొక్కరి చేతా చేయించండి.

దాచిన పట్టుల్లో కలరా ఉండలు వేసే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఆ వాసన మైనంలోకి, అక్కడినుంచి తేనెలోకి దిగుతుంది. పట్టును రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తీసి ఆరాక గాలి చొరని సంచిలో కడితే మైనపు పురుగు గుడ్లతో సహా చస్తుంది. బాక్సులో అయితే ఈగలు కప్పలేని ఫ్రేమును ఉంచకపోవడమే దానికి విరుగుడు.

లేచేముందు అందరి దగ్గరా ఒకే రకం పుస్తకం ఉండేలా చూడండి. బాక్సు నంబరు, తేదీ, ఈగలు కప్పిన ఫ్రేములు, మూత పిల్ల ఫ్రేములు, గుడ్లు ఉన్నాయా, 300 ఈగలకు నల్లులు, తెరిచిన 100 గదుల్లో నల్లి ఉన్నవి, చేసిన పని. ఎనిమిది గడులు, అంతే. నెలకోసారి ఒకే వారంలో అందరూ లెక్క తీసి ఒకరికొకరు పంపుకోవాలి. మూడు కిలోమీటర్ల లోపు బాక్సులున్న ఇద్దరిలో ఒకరి లెక్క పెరిగితే రెండోవారు జాగ్రత్తపడాల్సిందే, ఈగలకు గట్లు సరిహద్దులు ఉండవు.

సాయంత్రం, ఆ తర్వాత

పంచదార నీళ్లు, రాలిన పట్టు ముక్కలు గుంట తీసి పూడ్చండి, ట్రేలు కడిగేయండి. తెరిచిన బాక్సుల ద్వారాలను రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించండి. ద్వారం దగ్గర ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని దొర్లుతుంటే, బాక్సు సందుల చుట్టూ వాసన చూస్తూ ఎగురుతుంటే దోపిడీ మొదలైనట్టే. ఒక్క ఈగ పట్టేంత ద్వారం ఉంచి, తడి గోనె కప్పండి, చీకటి పడ్డాక తీసేయండి.

కలయిక జరిగిన నాలుగు రోజులకు, ఉదయం పూట, లెక్క తీసిన బాక్సుల్లో పిల్ల ఫ్రేము ఒక్కటి ఎత్తి గుడ్ల కోసం చూడండి. గుడ్డు మూడు రోజులే గుడ్డుగా ఉంటుంది, కాబట్టి గుడ్లు కనిపిస్తే రాణి క్షేమం. గుడ్లు లేకుండా, పొడవాటి వేరుశనగ కాయల్లాంటి రాణి గదులు పట్టు మధ్యలో మొదలైతే ఆ రోజు హడావుడిలో రాణి నలిగిందన్నమాట. ఆ గదుల్లో మంచివి రెండు ఉంచి కదపకుండా వదిలేయండి. ఆ సంగతి కూడా వచ్చినవాళ్లందరికీ తెలియజేయండి.